ఒకే చెలకలో మూడు నేలలు: వాలును, వాడకాన్ని బట్టి భూసారాన్ని ఎలా అంచనా వేయాలి?

ఆరెకరాల చెలకకు, అంటే వానాధార మెట్ట భూమికి, ఒకే సంచి మట్టి పంపిస్తే, ప్రయోగశాల నుంచి వచ్చే ఫలితం ఆ ఆరెకరాల్లో ఏ మూలకూ సరిగ్గా వర్తించకపోవచ్చు. ఉదాహరణకు మిట్ట మీద సేంద్రియ కర్బనం 0.3 శాతం, కింద పల్లంలో 0.8 శాతం ఉందనుకుందాం. రెండు చోట్ల మట్టినీ సమంగా కలిపి పంపితే కాగితం మీద 0.55 అని వస్తుంది. సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపు ఉంటే తక్కువ, 0.75 శాతం దాటితే ఎక్కువ, నడుమ ఉంటే మధ్యస్థం అన్నది మన ప్రయోగశాలల లెక్క కనుక, మీ నేల మధ్యస్థమని తేలుతుంది. ఆ కాగితం చూసి ఎరువు వేస్తే మిట్టకు చాలదు, పల్లానికి ఎక్కువవుతుంది. నేను కూడా మొదటిసారి మట్టి నమూనా తీసినప్పుడు ఇదే తప్పు చేశాను. గెట్టు నుంచి గెట్టు వరకు నడిచి, పన్నెండు చోట్ల తవ్వి, అంతా ఒకే తొట్టిలో కలిపి, పని శ్రద్ధగా చేశానని సంతోషపడ్డాను.

వరంగల్, హనుమకొండ, జనగామ, మహబూబాబాద్ వైపు భూమి ఎక్కువగా గ్రానైటు రాతి మీద ఏర్పడినది. ఎక్కడ నిలబడి చూసినా ఇంచుమించు ఒకే వరుస కనిపిస్తుంది. పైన రాళ్లగుట్ట, గుట్ట పాదాన మొరం తేలిన పలుచని నేల, దాని కింద ఎర్ర చెలక, ఇంకా దిగితే రంగు ముదిరి గోధుమ వర్ణానికి తిరిగే బరువు నేల, అట్టడుగున వరి పొలాలు లేదా నల్లరేగడి, ఆ తరువాత చెరువు కట్ట. పాకాల, రామప్ప, లక్నవరం వంటి కాకతీయుల నాటి చెరువులూ, ఊరూరా ఉన్న గొలుసుకట్టు చెరువులూ ఈ వాలును చదివి కట్టినవే. ములుగు, భూపాలపల్లి వైపు గోదావరి లోయలో ఇసుకరాయి, ఆదిలాబాద్ పడమటి భాగంలో నల్లరాయి ఉండటం వల్ల అక్కడి నేలల రంగులు వేరుగా ఉంటాయి కానీ, మిట్టన పలుచన, పల్లాన లోతు అన్న వరుస అక్కడ కూడా చాలావరకు నిలుస్తుంది.

అందుకే చెలకను వాలును, వాడకాన్ని బట్టి పట్టీలుగా విడదీసి, ఒక్కో పట్టీ నుంచి వేరుగా మట్టి తీయాలి. పని మొదలుపెట్టే ముందు, ఈ తేడా ఎందుకు వస్తుందో తెలిసి ఉండటం అవసరం, ఎందుకంటే కారణం తెలియకుండా గీసిన పట్టీలు తప్పుగా వస్తాయి. తొలకరి వాన దున్ని విడిచిన చెలక మీద పడినప్పుడు చినుకు దెబ్బకు మట్టి పెళ్లలు చితికిపోతాయి. వరద నీరు అందులోంచి తేలికైన వాటిని, అంటే సన్నని బంకమట్టిని, కుళ్లిన ఆకు అలములను ముందుగా ఎత్తుకుపోతుంది. గులకరాళ్లు, దొడ్డు ఇసుక కదలకుండా ఉండిపోతాయి. నత్రజని, భాస్వరం, సేంద్రియ పదార్థం అంటుకుని ఉండేది ఆ సన్నని మట్టికే. కాబట్టి కొట్టుకుపోయిన మట్టి, మిగిలిన మట్టి కంటే సాధారణంగా సారవంతంగా ఉంటుంది. ఇది కంటికి కనిపించే ప్రయాణం. కనిపించనిది ఇంకొకటి ఉంది. నేలలోకి ఇంకిన నీరు సున్నం, సోడియం వంటి లవణాలను కరిగించుకుని లోపలి నుంచే దిగువకు జారుతుంది. అందుకే మిట్ట నేలలు సాధారణంగా కొద్దిగా ఆమ్లం వైపు లేదా తటస్థంగా ఉంటే, పల్లం నేలల్లో ఉదజని సూచిక (పీహెచ్) పెరిగి, సున్నపు గడ్డలు తగిలి, నీరు బయటికి పోయే దారి లేని చోట చౌడు తేలుతుంది.

పోయే మట్టి ఎంత అని అడిగేవారి కోసం ఒక చిన్న లెక్క. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు మందం మట్టి పోయిందంటే 4 ఘనమీటర్లు, బరువులో సుమారు 6 టన్నులు. అందులో నత్రజని 0.05 శాతమే ఉందనుకున్నా 3 కిలోలు పోయినట్టు, అంటే దాదాపు ఆరున్నర కిలోల యూరియాలో ఉండేంత. మిల్లీమీటరు తగ్గిందని ఏ రైతు కంటికీ ఆనదు. వానాకాలమంతా జరిగే నష్టం ఇటువంటి ఆనని మిల్లీమీటర్లలోనే జరుగుతుంది.

మొదటి పని: వానలో నడవండి

పట్టీలు గీయడానికి కాగితం, టేపు కంటే ముందు కావలసింది జూన్‌లో పడే ఒక గట్టి వాన. వాన తగ్గుముఖం పట్టగానే గొడుగు పట్టుకుని చెలకలోకి వెళ్లి, నీరు ఎక్కడ పుడుతోంది, ఏ గెట్టు దగ్గర ఆగుతోంది, ఏ మూల నుంచి ఒర్రెలోకి దూకుతోంది అన్నది చూడండి. నీటి రంగు కూడా గమనించండి. ఎర్రగా చిక్కగా పారుతున్న చోట మీ పైమట్టి పోతోంది. తేటగా పారుతున్న చోట కింద గడ్డి గానీ చెత్త గానీ కాపాడుతోంది. మీ చెలకలోకి పైవారి భూమి నుంచి నీరు వస్తోందా అన్నది కూడా ఇప్పుడే తెలుస్తుంది. వాలు పట్టా పాసుపుస్తకం హద్దుల దగ్గర ఆగదు. పైన ఉన్నవారి మట్టి మీకు, మీ మట్టి కింది వారికి చేరుతూనే ఉంటుంది. గెట్టు మీద నీరు మళ్లించే విషయంలో ఊళ్లో జరిగే పంచాయితీల్లో ఈ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

వాన కాలం దాటిపోయి ఉంటే ఆనవాళ్లు చూసి చెప్పవచ్చు. మిట్ట మీద గులకరాళ్లు పైకి తేలి ఉంటాయి, చెట్ల మొదళ్లలో వేర్లు బయటపడి ఉంటాయి. అడ్డంగా ఉన్న గెట్టుకు పైవైపు మట్టి మేట వేసి ఎత్తుగా, కిందివైపు గుంటగా ఉంటుంది. ఆ రెండింటి ఎత్తులో తేడా ఎంత ఉందో చూస్తే, ఆ గెట్టు వేసిన నాటి నుంచి ఎంత మట్టి కదిలిందో అర్థమవుతుంది.

రెండో పని: వాలు కొలవండి

కంటి అంచనా ఇక్కడ మోసం చేస్తుంది. మన చెలకల్లో వాలు చాలాచోట్ల ఎంత తక్కువగా ఉంటుందంటే, అది చదునేనని పెద్దవాళ్లు కూడా అంటారు. మేస్త్రీలు ఇల్లు కట్టేటప్పుడు వాడే పారదర్శకమైన నీటి గొట్టం ఉంటే చాలు. రెండు సమానమైన కర్రలకు సెంటీమీటర్ల గీతలు పెట్టి, గొట్టం రెండు కొసలను వాటికి కట్టి, బుడగలు లేకుండా నీరు నింపండి. ఒకరు మిట్టవైపు, ఇంకొకరు వాలు వెంట సరిగ్గా 10 మీటర్ల దిగువన కర్రలను నిటారుగా నిలబెట్టి, నేల నుంచి నీటి మట్టం ఎంత ఎత్తులో ఉందో చదవాలి. రెండు కొలతల తేడా 10 సెంటీమీటర్లయితే వాలు 1 శాతం, 30 సెంటీమీటర్లయితే 3 శాతం. ఒక శాతం లోపు ఉంటే చదును కిందే లెక్క. ఒకటి నుంచి మూడు శాతం వరకు ఉన్న చోట వాలుకు అడ్డంగా సేద్యం చేస్తే చాలావరకు సరిపోతుంది. మూడు శాతం దాటిన చోట గట్లు లేకుండా పత్తి వంటి ఎడం సాళ్ల పంట వేస్తే మట్టి నిలవదు.

మూడో పని: గడ్డపారతో లోతు చూడండి

మిట్ట నుంచి పల్లం వరకు ఒక గీత అనుకుని, దాని మీద నాలుగైదు చోట్ల అడుగున్నర నుంచి రెండడుగుల గుంత తవ్వండి. ఎంత లోతులో మొరం గానీ రాయి గానీ తగిలిందో రాసుకోండి. అడుగు లోపే మొరం తగిలితే, ఆ చోట మీరు ఎంత ఎరువు వేసినా వేరుకు చోటు లేదు, నీటికి నిల్వ లేదు. గుంత గోడ మీద రంగు ఎక్కడ మారుతోందో చూడండి. పైన ముదురుగా ఉన్న పొర మందమే మీకున్న ఆస్తి.

గుంతలోంచి గుప్పెడు మట్టి తీసి, తడిపి, చేతితో పాములా చేయండి. పాము కాకుండా రాలిపోతే ఇసుక పాలు ఎక్కువ. పామై వంచగానే విరిగితే అది మన మామూలు చెలక. ఉంగరంలా చుట్టినా పగలకపోతే బంక నేల. పల్లంలో తీసిన మట్టి మీద కొద్దిగా వెనిగర్ పోసి చూడండి. బుడగలు వస్తే అందులో సున్నం ఉన్నట్టు. సున్నం ఉన్న నేలలో జింకు, ఇనుము మొక్కకు అందడం కష్టమవుతుంది కనుక ఈ చిన్న పరీక్ష తరువాత పనికి వస్తుంది.

నాలుగో పని: వాడకం చరిత్ర రాయండి

ఇక్కడే చాలామంది తొందరపడతారు. వాలు ఒక్కటే చూసి పట్టీలు గీస్తే సగం పనే అవుతుంది. ఆ భూమిని పదేళ్లుగా ఏమి చేశారన్నది వాలుకు సమానంగా, ఒక్కోసారి వాలును మించి, సారాన్ని నిర్ణయిస్తుంది. పాత పహాణీల్లో (భూమి రికార్డుల్లో) తరి అంటే నీటి సాగు భూమి, ఖుష్కి అంటే మెట్ట అని రాసిన తేడా పన్ను కోసం చేసిందే అయినా, మట్టి విషయంలోనూ అది నిజమైన తేడానే.

వరి పొలంలో నెలల తరబడి నీరు నిలబడటం వల్ల గాలి ఆడదు, మట్టిలోని సేంద్రియ పదార్థం నెమ్మదిగా కుళ్లుతుంది, కర్బనం నిలుస్తుంది. నీట మునిగిన నేలలో భాస్వరం సులువుగా అందుతుంది కానీ జింకు అందడం తగ్గుతుంది. చెలక సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. మన ఎండలకు, మాటిమాటికీ దున్నడానికి, ముఖ్యంగా ఏటా రెండు మూడుసార్లు రోటవేటర్ తిప్పడానికి, ఉన్న కొద్దిపాటి సేంద్రియ పదార్థం త్వరగా ఖర్చయిపోతుంది. పత్తి మీద పత్తి వేసి, కట్టెను కుప్పపోసి కాల్చే చెలకలో తిరిగి నేలకు చేరేది ఏమీ ఉండదు. అదే చెలకలో పత్తి సాళ్ల మధ్య కంది వేస్తే, కంది రాల్చే ఆకు, దాని వేరు బుడిపెల్లో నిలిచే నత్రజని, లోతుకు దిగే తల్లివేరు మూడూ లాభమే. మామిడి తోటలో చెట్ల కింద దున్నకుండా ఆకు రాలనిస్తే సారం పెరుగుతుంది. దున్ని శుభ్రంగా ఉంచితే చెలకకూ తోటకూ పెద్ద తేడా ఉండదు. అడవి అంచున కొత్తగా సేద్యంలోకి వచ్చిన పోడు భూమి మొదటి రెండు మూడు పంటలు బాగా ఇచ్చి తరువాత పడిపోవడం చూసే ఉంటారు. అడవి ఏళ్ల తరబడి కూడబెట్టిన కర్బనం దున్నగానే కరిగిపోవడమే దానికి కారణం.

వాలు చెప్పే వరుసను వాడకం తిరగేసే సందర్భాలు కూడా ఉన్నాయి. ఏటా వేసవిలో గొర్రెల మందను కట్టించిన మిట్ట, పక్కన ఉన్న పల్లం కంటే మెరుగ్గా ఉండవచ్చు. ఇంటికీ పెంటకుప్పకూ దగ్గరగా ఉన్న మడికి, దూరపు మడికి తేడా ఎప్పుడూ ఉంటుంది, ఎందుకంటే ఎరువు బండి దగ్గరి మడిలోనే ఖాళీ అవుతుంది. ఇక పాటిగడ్డ సంగతి వేరు. వందల ఏళ్ల కింద ఊరు ఉండి పాడుబడిన ఆ దిబ్బల మట్టిలో బూడిద, ఎముకలు, పేడ కలిసి ఉండటం వల్ల భాస్వరం మెండుగా ఉంటుంది. పాటిమన్ను చెలకకు తోలడం మన పెద్దలకు తెలిసిన పనే. దీనికి ఎదురుగా, వాగు పొంగి ఇసుక మేట వేసిన పల్లం, మిట్ట కంటే అధ్వానంగా ఉండవచ్చు.

అందుచేత ఒక తెల్లకాగితం మీద మీ భూమి చిత్రం గీసి, వాలు బట్టి మిట్ట, నడిమి వాలు, పల్లం అని మూడు పట్టీలు చేసి, ఒక పట్టీలోనే రెండు రకాల వాడకం ఉంటే దాన్ని మళ్లీ విడదీయండి. ఒక్కో ముక్కలో అయిదారేళ్లుగా వేసిన పంటలు, తోలిన పెంట, చెరువు మట్టి, మంద కట్టించిన సంవత్సరం, కాల్చిన కొయ్యకాళ్లు, కొట్టించిన డోజరు, గుర్తున్నంతవరకు రాయండి. ఇంట్లో పెద్దవారిని అడిగితే మీకు తెలియనివి బయటపడతాయి. అరెకరం కంటే చిన్న ముక్కలు చేయకండి, వాటికి వేరుగా ఎరువు వేయడం ఎలాగూ కుదరదు.

అయిదో పని: నమూనా తీయండి

యాసంగి కోతల తరువాత, ఏప్రిల్, మే నెలల్లో నేల ఖాళీగా, పొడిగా ఉన్నప్పుడు తీయడం మంచిది. ఎరువు వేసిన వెంటనే తీయకూడదు. ఒక్కో ముక్కలో పాము నడకలా అటూ ఇటూ తిరుగుతూ 10 నుంచి 15 చోట్ల, ఇంగ్లిషు వి అక్షరం ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట చేసి, దాని ఒక పక్క నుంచి పైనుంచి కింది దాకా రెండు వేళ్ల మందం పొరను గీకి తీయాలి. గెట్ల పక్కన, చెట్ల నీడన, పెంటకుప్ప పోసిన చోట, నీటి కాలువ వెంట, కిందటేడు పత్తి కట్టె కాల్చిన చోట తీయకండి. బూడిద పడిన చోట పొటాష్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

మట్టిని కలపడానికి ప్లాస్టిక్ తొట్టి వాడండి. జింకు పూత పూసిన ఇనుప బకెట్‌లో కలిపితే జింకు పరీక్ష పనికిరాకుండా పోతుంది. తుప్పు పట్టిన పారతో తీస్తే ఇనుము లెక్క తప్పుతుంది. గుంటను పారతో చేసినా, పొరను చెక్కతో గానీ వెదురు బద్దతో గానీ గీకండి. అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు, మట్టిని ఖాళీ యూరియా సంచి మీదో డీఏపీ సంచి మీదో ఆరబోయడం. సంచి దులిపినా అందులో మిగిలే పలుకులు ఫలితాన్ని మార్చడానికి చాలు. పాత నూలు గుడ్డ మీద నీడలో ఆరబెట్టండి.

కలిపిన మట్టిని గుండ్రంగా పరచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేసి, మిగిలిన దాన్ని మళ్లీ కలిపి, మళ్లీ నాలుగు చేసి, అరకిలో మిగిలేదాకా ఇలా చేయాలి. గుడ్డ సంచిలో పోసి, పెన్సిలుతో రాసిన చీటీ ఒకటి లోపల, ఒకటి బయట పెట్టండి. సర్వే నంబరుతో పాటు మిట్ట, నడుమ, పల్లం అన్న మాట, కిందటి పంట, వేయబోయే పంట ఆ చీటీ మీద తప్పక ఉండాలి. పల్లంలో వేసవికి తెల్లగా పొడి తేలుతున్నట్లయితే, ఆ చోట పై రెండు మూడు సెంటీమీటర్ల మట్టి ఒక సంచి, దాని కింద 15 నుంచి 30 సెంటీమీటర్ల లోతు మట్టి ఒక సంచి విడిగా తీయండి. వీటిని మిగతా వాటితో కలపవద్దు. మీ క్లస్టర్ రైతు వేదికలో ఉండే వ్యవసాయ విస్తరణ అధికారికి ఇస్తే ప్రయోగశాలకు చేరుస్తారు. ఒక రైతు మూడు సంచులు ఎందుకు తెచ్చాడని విసుక్కునేవారు ఉండవచ్చు. మీరు గీసిన పటం చూపించి నెమ్మదిగా చెప్పండి. సాగునీరున్న చోట రెండున్నర హెక్టార్లకు, మెట్టలో 10 హెక్టార్లకు ఒక నమూనా అన్నది 2015లో మొదలైన భూసార కార్డుల పథకం కోసం పెట్టుకున్న లెక్క. మీ సొంత చెలకకు అది హద్దు కాదు.

ఆరో పని: ఫలితాలను పక్కపక్కన పెట్టి చదవండి

ఒక్కో కాగితాన్ని విడిగా కాకుండా మూడింటినీ వరుసగా పరిచి, అడ్డంగా చదవండి. సేంద్రియ కర్బనం మిట్ట నుంచి పల్లానికి పెరుగుతూ వస్తే, మట్టి కదులుతోందనడానికి అది ఒక ఆధారం. మూడింటిలోనూ సమానంగా తక్కువ ఉంటే, నేరం వాలుది కాదు, సేద్యానిది. అందుబాటులో ఉన్న నత్రజని హెక్టారుకు 280 కిలోల లోపు, అంటే ఎకరానికి సుమారు 113 కిలోల లోపు ఉంటే తక్కువ కింద లెక్క. మన ఎర్ర నేలల్లో చాలావరకు ఇదే కనిపిస్తుంది కనుక దానికి కంగారు పడనవసరం లేదు. భాస్వరం వాలు కంటే ఎక్కువగా మీ ఎరువు అలవాటును చూపిస్తుంది. ఏళ్లుగా ప్రతి పంటకూ డీఏపీ వేసిన వరి పొలంలో అది పేరుకుని ఉండటం సాధారణం. పొటాష్ గ్రానైటు రాతిలోని ఖనిజాల నుంచి కొంత సహజంగానే వస్తుంది. జింకు పది లక్షల పాళ్లకు 0.6 పాళ్ల కన్నా, గంధకం 10 పాళ్ల కన్నా తగ్గితే లోపమున్నట్టు.

ఉదజని సూచిక, లవణ పరిమాణం మీద మాత్రం ఎక్కువసేపు ఆగండి. పల్లంలో సూచిక 8.5 దాటి, నేల ఎండినప్పుడు రాయిలా గట్టిపడి, తడిసినప్పుడు జారుతూ నీరు ఇంకకుండా ఉంటే అది క్షార చౌడు, దానికి జిప్సం కావాలి. సూచిక 8.5 లోపే ఉండి లవణాలు మాత్రం ఎక్కువగా ఉంటే, జిప్సం కన్నా ముందు మురుగుకాలువ తీసి మంచినీటితో కడగాలి. రెండింటినీ చౌడు అనే పిలుస్తాం కనుక చాలామంది ఒకే మందు వేసి నష్టపోతున్నారు. జిప్సం ఎంత అన్నది ప్రయోగశాల చెప్పాలి, పక్కవారు వేసిన లెక్కన వేయకూడదు.

ఏడో పని: ఎక్కడికి తగినది అక్కడ చేయండి

మిట్టతో మొదలుపెట్టండి. నష్టం పుట్టేది అక్కడే. దున్నడం, విత్తడం వాలుకు అడ్డంగా సాగాలి. ట్రాక్టరు మలుపులు ఎక్కువవుతాయని డ్రైవరు ఒప్పుకోడు. గంట కిరాయి కొంచెం ఎక్కువ ఇచ్చి అయినా ఒప్పించండి. గెట్ల మీద గిరిపుష్పం (గ్లైరిసిడియా) చెట్లు పెంచి, కొమ్మలు కొట్టి చెలకలో వేస్తే మట్టి ఆగడమే కాక నత్రజని ఉన్న ఆకు చేతికి వస్తుంది. అడుగు లోతు కూడా లేని మొరం నేలలో పత్తి కంటే ఆముదం, ఉలవ, పెసర వంటివి నయం. ఈ నేలలు పోషకాలను పట్టి ఉంచలేవు కనుక యూరియాను ఒకేసారి వేయకుండా, అదే మోతాదును మూడు నాలుగు దఫాలుగా, తడి ఉన్నప్పుడు వేయండి. పోషకం తక్కువని తేలిన పట్టీలో సిఫారసు కన్నా 30 శాతం ఎక్కువ, ఎక్కువని తేలిన పట్టీలో 30 శాతం తక్కువ వేయడం మన దగ్గర పాటించే పద్ధతి. అంటే పల్లంలో మిగిల్చిన బస్తాను మిట్టకు తీసుకుపోతున్నారన్న మాట. మొత్తం ఖర్చు పెద్దగా మారదు.

చెరువు మట్టి మిట్టకే తోలండి. 2015లో మిషన్ కాకతీయ పనులు మొదలైనప్పుడు ట్రాక్టర్లు చెరువు పక్కనున్న పొలాల్లోకే ఎక్కువగా వెళ్లడం చూశాను, దారి దగ్గర కనుక. ఆ పొలాల్లో ఇప్పటికే బంకమట్టి ఉంది. కావలసింది ఎర్ర చెలకకు, దుబ్బ నేలకు. పైగా చెరువులోనూ ఒక వాలు ఉంటుందని మరచిపోవద్దు. వాగు వచ్చి చేరే కొసన వేగం తగ్గగానే ముందు ఇసుక దిగిపోతుంది, సన్నని ఒండ్రు కట్ట దగ్గర లోతట్టున పేరుకుంటుంది. నింపుకోవలసింది ఆ లోతట్టు మట్టే. అయితే ఒండ్రు కింద మొరం తగలగానే ఆపేయాలి, ఇంకా తవ్వితే పనికిరాని మట్టికి కిరాయి కట్టినట్టే. ఎకరంలో ఒక సెంటీమీటరు మందం పరచడానికి 40 ఘనమీటర్లు కావాలి. మూడు ఘనమీటర్లు పట్టే ట్రాలీ అయితే 13 లేదా 14 ట్రాలీలు. తోలే ముందు చెరువు మట్టినీ ఒక సంచి పరీక్షకు పంపి, లవణాలు లేవని తేల్చుకోండి. వేసవిలో కుప్పలు పోసి, వానలకు ముందే సమంగా చదరగొట్టి, గుంటుకతో పైపైన కలపండి.

నడిమి వాలులో నీటిని నిలపడమే ప్రధానం. పత్తిలో కంది అంతర పంటగా వేసి, నాలుగారు సాళ్లకొక చాలు లోతుగా వాలుకు అడ్డంగా తీస్తే వాన నీరు అక్కడికక్కడే ఇంకుతుంది. పత్తి కట్టెను కాల్చకుండా ట్రాక్టరు యంత్రంతో ముక్కలు చేయించి నేలలో కలపండి.

పల్లంలో పని వేరు. ముందు నీరు బయటికి పోయే దారి చూడండి. ఎగువన కాలువ నీరు వచ్చాక ఊట దిగి జాలు పట్టిన పొలాల్లో ఎంత ఎరువు వేసినా పంట పచ్చగా ఎదగదు. భాస్వరం ఎక్కువగా తేలితే డీఏపీ తగ్గించండి. జింకు తక్కువైతే వరికి ఆఖరి దమ్ములో ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేటు వేయండి. రెండు మూడు పంటలకొకసారి చాలు. దాన్ని భాస్వరం ఎరువుతో కలిపి చల్లితే రెండూ వృథా అవుతాయి. నాటు వేశాక ఆకుల మీద తుప్పు మచ్చలు కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు చొప్పున కలిపి పిచికారీ చేయవచ్చు. చౌడు ఛాయలున్న మడిలో పచ్చిరొట్ట పైరైన జీలుగ విత్తనం ఎకరానికి 12 నుంచి 15 కిలోలు చల్లి, పూత దశలో కలియదున్నండి.

చెలకను పొలం చేస్తుంటే

దేవాదుల, శ్రీరాంసాగర్ కాలువల నీరు అందిన ఊళ్లలో చెలకలు వరి మడులుగా మారుతున్నాయి. ఇక్కడ ఒక్కరోజు డోజరు పని, వందేళ్ల వాన చేయలేని నష్టాన్ని చేయగలదు. వాలు చెలకను మడులుగా చదును చేసేటప్పుడు డ్రైవరు పైభాగాన్ని కోసి కిందికి నెడతాడు. దాంతో మీ సారవంతమైన పైమట్టి అంతా మడి కిందివైపు అడుగున పూడిపోతుంది, పైవైపు మొరం బయటపడుతుంది. అటుపై ఒకే మడిలో సగం పైరు ముదురు ఆకుపచ్చగా, సగం పసుపుగా కనిపిస్తుంది, అది సర్దుకోవడానికి ఏళ్లు పడుతుంది.

దీనికి బదులుగా ముందు ఆరంగుళాల పైమట్టిని గీకి ఒక పక్క కుప్ప పెట్టించండి. తరువాత కింది మట్టిని చదును చేయించి, గట్లు వేయించి, చివరగా ఆ పైమట్టిని మడి అంతటా సమంగా పరిపించండి. డోజరు గంటలు పెరుగుతాయి. కిరాయి మాట్లాడుకునేటప్పుడే ఈ సంగతి స్పష్టంగా చెప్పి, పని జరిగినంతసేపూ దగ్గర ఉండండి, ఎందుకంటే మీరు అన్నం తినడానికి ఇంటికి వెళ్లిన గంటలోనే కుప్ప మాయమై చదునులో కలిసిపోతుంది. పని ఇప్పటికే అయిపోయి ఉంటే, మడిలో కోసిన సగాన్ని, నింపిన సగాన్ని వేర్వేరు ముక్కలుగా లెక్కించి, నమూనాలు కూడా వేరుగానే తీయండి. పశువుల ఎరువు, చెరువు మట్టి, జీలుగ మొత్తం కోసిన సగానికే కేటాయించండి. మడులు పెద్దవిగా కాక, వాలు వెంట వెడల్పు తగ్గించి చిన్నవిగా చేస్తే, కోత లోతు మొదటే తగ్గుతుంది.

మూడేళ్లకు మళ్లీ అదే నెలలో, అవే ముక్కల్లో నమూనాలు తీయండి. చోటు గుర్తుండటానికి గెట్టు మీద ఉన్న వేపచెట్టునో కరెంటు స్తంభాన్నో ఆనవాలుగా పెట్టుకుని, అక్కడి నుంచి ఎన్ని అడుగులు నడిచారో పటం మీద రాయండి. వానాకాలం ముందు మిట్ట మీద మూడు ఇనుప చువ్వలను గట్టిగా దిగగొట్టి, నేల మట్టానికి సరిగ్గా రంగు గీత పెట్టండి. వానలు వెళ్లాక, చెలకను దున్నకముందే, గీత నేల నుంచి ఎన్ని మిల్లీమీటర్లు పైకి వచ్చిందో స్కేలుతో కొలిచి, ఆ అంకెను పాత ఫలితాల కాగితం వెనకే రాసి పెట్టుకోండి.